రెండో పెనం

గురువారం ఉదయం చోడవరంలో నేను కాలేజీకి బయల్దేరుతుంటే పిన్ని ఫోన్ చేసి, "మీ సిన్నాన్న ఎల్లిపోనాడే" అంది. నేను కాలేజీకి సెలవు చెప్పి ఊరికి బయల్దేరాను.

బుచ్చయ్యపేట దగ్గర పల్లెలో తన పెళ్లికి ముందునుంచీ బెల్లం వండిన మనిషి మా చిన్నాన్న. చుట్టుపక్కల రైతులు ఆయనకి ఎప్పుడు ఖాళీయో కనుక్కుని మరీ చెరకు కొట్టేవారు. పాకం చుక్క చన్నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి చూసేవాడు. రంగు కోసం మందు కలపమని వ్యాపారులు పోరితే, "నా మనవలు తినరా ఏటి?" అనేవాడు. కోపమొస్తే ఎవరినైనా సరే కడిగేసేవాడు, నాతో సహా. ఊళ్లో అందరూ ఆయన గురించి ఏదో ఒకటి చెబుతున్నారు. నేను ఒక్క రోజు గురించే చెబుతాను.

బెల్లం వండేవాళ్లను జపాన్ తీసుకెళ్లి, అక్కడివాళ్ల పని మనకీ, మన పని వాళ్లకీ చూపించే కార్యక్రమం ఒకటి వస్తే, అందులో చిన్నాన్నని ఎంచుకున్నారు. ఫుడ్ టెక్నాలజీ పాఠాలు చెప్పుకునే నేను, ఇంగ్లీషు మాట్లాడటానికి జట్టుతో వెళ్లాను. ఒక దీవిలో నల్లబెల్లం వండే పెద్దాయన మాకు ఆతిథ్యం ఇచ్చాడు. ఆ రోజు చిన్నాన్న వండి చూపించాలి. ఆ ఊరి మేయరుతో సహా అందరూ చుట్టూ నిలబడ్డారు.

అక్కడ గ్యాసు మంట. రసం పొంగింది, మడ్డి తీశాడు, పాకం చిక్కబడింది. చుక్క నలిపి చూసి, "సాలు, ఆపీయే!" అని కేకేశాడు. ఆపడానికి అక్కడెవరున్నారు? ఇంటి దగ్గరైతే పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసేది పిన్ని. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ కేకకి మంట ఆపింది ఆవిడే. అక్కడివాళ్లు అది కూడా వంటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు, పాపం. నేను తేరుకుని గ్యాసు కట్టేసేసరికి మాడువాసన వచ్చేసింది.

అయినా రుచి చూసి అందరూ బాగుందన్నారు. గండం గడిచిందనుకున్నాను. చిన్నాన్న ఒక ముక్క నోట్లో వేసుకుని ఉమ్మేశాడు.

"మాడిపోనాది. ఆ మాట సెప్పు వాళ్లకి."

"బాగుందంటున్నారు కదా చిన్నాన్నా, ఊరుకో."

"ఒసే, మన బెల్లం అంటే ఇదే అనుకుని ఎల్లిపోతారు వీళ్లు. సెప్పవే!"

సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను. పెద్దాయన నవ్వలేదు. ఆ కేక ఎందుకని అడిగాడు. పిన్ని సంగతి చెప్పాను. ఆయన తల వంచి, మిగిలిన రసమంతా రెండో పెనంలో పోయించాడు. ఇది కూడా చెడితే ఇంక రసం లేదు. తర్వాత టోపీ తీసి పక్కన పెట్టి, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు, ఆ ఇంటి యజమాని!

ఒకరి మాట ఒకరికి రాదు. చిన్నాన్న చెయ్యి దించితే మంట తగ్గింది, ఎత్తితే పెరిగింది. నా అవసరమే లేకపోయింది. "సాలు, ఆపీ!" అనగానే మంట టక్కున ఆగింది. అచ్చుల్లో పోస్తే బంగారు రంగు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. మా చిన్నాన్న, మా సొంత చిన్నాన్న అని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను.

ఆయన మాత్రం నాచేత పిన్నికి వీడియో కాల్ చేయించాడు. "సూడవే, నువ్వు లేక ఒక పెనం మాడ్చీసేను. రెండోది ఈ బాబు నిలబెట్టేడు."

"అయితే మంట సూసినాయనకి ముందు ఎట్టేవా లేదా?" అంది పిన్ని.

మా దగ్గర పద్ధతే అది. తొలి ముద్ద పొయ్యి దగ్గర మనిషిది, వండినవాడిది తర్వాత. మేయరు అప్పటికే ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. చిన్నాన్న ఆయన్ని దాటుకుని వెళ్లి, వేడి బెల్లం ఊదుతూ, ఇంకా పొయ్యి ముందే కూర్చున్న పెద్దాయన దోసిట్లో పెట్టాడు. ఆయన తినేదాకా ఫోన్‌లోంచి పిన్ని చూస్తూనే ఉంది.