కార్జంలో ఆమె వాటా

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కన్నా ఎంజైముల మీదే నమ్మకం ఎక్కువ. హిందూపురంలో ఎమ్మెస్సీ చదువుతూ, కాలేయంలో కొలెస్ట్రాల్‌ను పైత్యరసపు ఆమ్లంగా మార్చే పనిని మొదలుపెట్టే ఎంజైము మీద ప్రాజెక్టు పట్టాను. (అది కదలకపోతే దాని వెనకున్న ఎంజైములన్నీ చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.) తాజా గొర్రె కార్జాన్ని మంచులో పెట్టి తేవాలి. మంచు కరిగిందా, ఎంజైము చచ్చినట్టే. అప్పటికే రెండు కార్జాలు అలా పాడయ్యాయి. ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చే మా గైడు, ఈసారీ తప్పితే నాకు ఏడాది పోయినట్టేనని తేల్చేశాడు.

పెనుకొండలో మా ఇంటి దగ్గర కొట్టించిన కార్జాన్ని థర్మాకోల్ పెట్టెలో సర్దుతుంటే మా అవ్వ బొగ్గుముక్క తెచ్చింది. మునిమాపు వేళ మాంసం పట్టుకుపోతే వెంట ఏదో ఒకటి పడుతుందని, బొగ్గుంటే దగ్గరికి రాదని మావైపు నమ్మకం. బొగ్గుపొడి పడితే ప్రయోగం చెడుతుందని ఆమెకు పెద్ద ఉపన్యాసమే ఇచ్చి బస్సెక్కాను. సోమందేపల్లి దాటగానే బస్సు చెడి ఆగిపోయింది. పొద్దు గుంకుతోంది. పెట్టె చంకన పెట్టుకుని రోడ్డు వెంట నడవసాగాను. వెనకాల రెండు కుక్కలు. మొరగవు, దగ్గరికి రావు, నేను ఆగితే అవీ ఆగుతాయి. వాటి చూపు నా మీద లేదు, నా పక్కన ఉంది.

అదృష్టం కొద్దీ ఒక ఆటో ఆగింది. ఎక్కి కూర్చున్నా డ్రైవరు బండి కదిలించడు.

"ఏమప్పా, ఆ అవ్వ ఎక్కల్యా?" అన్నాడు.

ఏ అవ్వ అన్నాను. అతను అద్దంలో చూశాడు, తల తిప్పి చూశాడు, గొంతు తగ్గించాడు.

"నీ ఎనకాలే వస్తా ఉండె కదప్పా. ఆ పెట్టెలో ఏముండాది?"

చెప్పాను.

"దాంట్లో ఆమె పాలు ఆమెకు పెట్టేసి రా. ల్యాకుంటే నేను బండి తియ్యను."

మంచు కరిగిపోతోంది. ఎంజైము కోసమే దిగుతున్నానని నాకు నేనే చెప్పుకుని దిగాను. చాకు లేదు. ఇంటి తాళంచెవితో ఒక ముక్క కోసి రోడ్డు పక్కన పెట్టాను. కుక్కలు దాన్ని ముట్టలేదు. తోకలు ముడుచుకుని, ఎవరో తినడం అయ్యేదాకా కాచుకున్నట్టు నిలబడ్డాయి.

మిగిలిన కార్జంలో ఎంజైము బ్రహ్మాండంగా పనిచేసింది. ఈసారి ఏం మార్చావని గైడు అడిగితే, మంచు ఎక్కువ వేశానన్నాను. ఇప్పుడు ఆ ఎంజైము పాఠం పిల్లలకు నేనే చెబుతున్నాను, ఎవరైనా దయ్యాల మాటెత్తితే నవ్వేస్తాను కూడా. కానీ ఆ సాయంత్రపు కుర్రాణ్ణి తలచుకుంటే ముచ్చటేస్తుంది. అంత వణుకులోనూ ఏదో అంచు ముక్క గిల్లి పారేయకుండా, మంచి ముక్క చూసి కోశాడు. ఆమె ఎవరో గానీ, ఆ పూటకైనా కడుపు నిండి ఉంటే చాలు.