బజ్జీల కోసం ఆడిన బేస్‌బాల్ ఫైనల్

అమెరికా బేస్‌బాల్ చరిత్రలోకెల్లా గొప్ప జట్టును ఐర్లండ్‌లోని ములింగార్ అనే ఊళ్ళో, మా అమ్మాయి వంటగదిలో కూర్చుని చిత్తుగా ఓడించినవాణ్ణి నేను. అంతకుముందు ఆ ఆటను కన్నెత్తి చూసిన పాపాన పోలేదు.

కరోనా రోజులవి. చుట్టపుచూపుగా వచ్చిన నేనూ మా ఆవిడా విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుబడ్డాం. అల్లుడుగారు ఆసుపత్రిలో డాక్టరు. డ్యూటీ లేనప్పుడు లాప్‌టాప్‌లో వేర్వేరు కాలాల బేస్‌బాల్ జట్లను ఒకదానిమీదికి ఒకటి దింపి టోర్నమెంటు నడిపేవారు. ఎప్పుడో పోయిన మహానుభావుడు నిన్నమొన్నటి కుర్రాడికి బంతి విసురుతాడు; మంచిచెడ్డలు కంప్యూటర్ చూసుకుంటుంది. నా బీపీ చూసి నూనె సరుకు మాన్పించిందీ ఆయనే.

ఫైనల్ నాడు వాన. మిరపకాయ బజ్జీల మీదికి ప్రాణం లాగింది నాకు.

"అల్లుడుగారూ, ఒక జట్టు నాకివ్వండి. గెలిస్తే పళ్ళెం నిండా బజ్జీలు."

"ఓడితే?"

"లాక్‌డౌన్ ఎత్తేసేదాకా రెండు పూటలా ఓట్సే. నోరెత్తను."

"గ్రాండ్, మావయ్యగారూ!" అన్నారు. 'సరే, భేష్' అనడానికి ఆ ఊరివాళ్ళు వాడే మాట అది.

ఆయనది వందేళ్ళ కిందటి ఆ గొప్ప జట్టే, నాది కొత్తకాలం జట్టు. ప్రతి బంతికీ కొట్టాలా, వదిలెయ్యాలా అన్నది మనం చెప్పాలి. కాలేజీలో నేను క్రికెట్ ఓపెనర్ని. కొత్త బంతిని వదిలెయ్యడమే మాకు నేర్పిన విద్య. అన్నీ వదిలేశాను.

"ఇది టెస్ట్ మ్యాచ్ కాదండీ! మంచి బంతులు మూడు వదిలేస్తే అవుట్."

"మరి చెడ్డవి?"

"నాలుగు పడితే మీవాడు ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్ళొచ్చు."

"అలా చెప్పండి. పెద్దమనుషుల ఆటే!"

పక్కన బీన్స్ ఈనెలు తీస్తున్న మా ఆవిడ నవ్వింది. మావాళ్ళు వరసగా అవుటవుతూ పోయారు. ఆయన రెండు పరుగులు చేసి కూర్చున్నారు. కానీ ఆ పాతకాలం జట్టులో మొదలెట్టినవాడే చివరిదాకా బంతి విసరడం ఆనవాయితీ అట. ఆఖరి ఇన్నింగ్స్‌కు పాపం ఆ పెద్దాయన చెయ్యి పడిపోయింది. అప్పటికి మాకు ఇంకొక్కడు అవుటైతే ఆట సరి. బంతులు పక్కకు పోవడం మొదలెట్టాయి. నేను వదిలేస్తున్నాను, మావాళ్ళు నడుస్తున్నారు. మూడు బేసులూ నిండాయి. నాలుగోవాడు కూడా నడిచేసరికి అందరికంటే ముందున్నవాడు 'హోమ్'కి, అంటే బయల్దేరిన చోటికే, చేరి పరుగు తెచ్చాడు.

"బౌలర్ని మార్చరేం?" అన్నాను జాలిపడి.

"వాళ్ళ కాలంలో ఊరికే మార్చేవాళ్ళు కాదు. నేనూ మార్చను."

సరే, "చిత్తుగా" అన్నది కాస్త ఎక్కువే. మా బ్యాటుకు ఒక్క బంతీ తగల్లేదు. అయినా ఆ సాయంత్రం బజ్జీలు తిన్నమాట నిజం. గెలవకపోతే ఎవరు పెడతారండీ?

ఇంతవరకూ చదివి మా ఆవిడ కళ్ళజోడు తీసింది.

"గెలిచారా? ఆ తర్వాతవాడు మూడు మంచి బంతులు వదిలేసి అవుటయ్యాడు. ఒక్క పరుగుతో ఓడిపోయారు. మీ మొహం చూడలేక అల్లుడుగారే 'ఇవాళొక్కరోజుకీ వేసెయ్యండి అత్తయ్యగారూ' అన్నారు. మర్నాటి నుంచీ ఓట్స్ తిన్నారుగా, అది రాయరేం?"