మే నెల మామిడి, నవంబరు మొక్కు

మారేడ్‌పల్లిలో మేముండే అపార్టుమెంటు బాల్కనీలో నాకు నాలుగు కుండీల వ్యవసాయం ఉంది. వ్యవసాయం అని నేనంటాను, వ్యయసాయం అని మా ఆయన అంటారు. ఈ ఏడు వానలు మొదలైనప్పటినుంచీ ఎరువు వేసి, పురుగులు ఏరి, బియ్యం కడిగిన నీళ్లు పోసి, పలకరించి, చివరికి బతిమాలుకుంటే ఒక్కటంటే ఒక్క వంకాయ కాసింది. దాన్ని మా చర్చిలో కోతపండుగకు పెడదామని ముచ్చటపడి కోయకుండా ఆగాను. పండుగ ఇంకా రేపనగా పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, ఎక్కడినుంచి వచ్చిందో ఒక ఉడత దాన్ని ఒక పక్క కొరికి, తినకుండా వదిలేసి పోయింది. తింటే నాకింత ఒళ్లు మండేది కాదు. రుచి చూసి, నచ్చక వెళ్లిపోయింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల జవాబుపత్రాలు దిద్దినదాన్ని, నా జవాబుపత్రం ఒక ఉడత దిద్ది సున్నా వేసినట్టయింది.

మా ఆయన ఓదార్చలేదు. "మీ వంశంలోనే ఉంది లేవోయ్, పంట పండించి తినకపోవడం," అన్నారు. ఆ మాటకు కోపం వచ్చింది కానీ, అబద్ధమని అనలేకపోయాను.

మా నాన్న రైల్వేలో గుమాస్తా. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి మౌలాలి రైల్వే క్వార్టర్సులో కాపురం పెట్టిన మనిషి. రెండు గదులూ, వెనకొక జానెడు పెరడూ ఉన్న ఆ క్వార్టరులో ఉంటూ ఆయనకు భూమి మీద మోజు పుట్టింది. కాప్రా చెరువు దాటాక, అప్పట్లో అదంతా పొలాలూ తుప్పలే, ఒక మూల కాస్త నేల కొన్నాడు. నేల అంటే పైన నేల, కింద రాయి. గునపం వేస్తే ఖంగుమనేది. ఒక బావి ఉండేది, అందులో నీళ్లకంటే కప్పలు ఎక్కువ. అక్కడ కూరగాయలు పండించి, చెట్లు పెంచి, పొలం గట్టున కూర్చుని పళ్లు తినాలని నాన్న కల. పంటలపై ఆయనకున్న జ్ఞానమంతా గూడ్సు బండ్లలోంచి దిగే బస్తాలను చూసి వచ్చినదే.

పైగా ఒక చిక్కు. నాన్నకు సెలవు ఆదివారమే. ఆదివారం విశ్రాంతిదినం కనుక ఆ రోజు పని చేయకూడదన్నది ఆయన నియమం. అందుచేత ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న సైకిలు మీద తమ్ముణ్ణి ఎక్కించుకుని, అమ్మా నేనూ బస్సు దిగి నడిచి, అంత దూరం వెళ్లి, చాప పరుచుకుని కూర్చుని, కలుపు మొక్కలు పెరగడం చూసి వచ్చేవాళ్లం. నీళ్లు పోయడం, తవ్వడం నాన్న మిగతా రోజుల్లో తెల్లవారుజామునే వెళ్లి చేసుకుని ఆఫీసుకు పరుగెత్తేవాడు. ఆదివారం మాత్రం పడిపోతున్న పందిరిని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. పక్క పొలంలో ఒక అవ్వ ఉండేది, మా వైపు చూసి నవ్వాపుకోలేకపోయేది.

"ఏంది సారూ, గింత దూరమొచ్చి చెట్ల మొఖం జూసి పోతరా? జెర ఆ గడ్డన్న పీకరాదు?"

"ఆదివారం అవ్వా, పని చెయ్యకూడదు."

"గడ్డికి తెల్వది గద సారూ, ఆదివారమని."

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అసలు అమ్మకు ఆ తోటలో బెండకాయల మీదా బీరపాదుల మీదా ఆశ లేదు. ఆమె ఆశంతా ఒక్క మామిడి మొక్క మీద. అమ్మ పుట్టిల్లు నూజివీడు దగ్గర పల్లె. రసాలు తిని పెరిగిన మనిషి. ఇక్కడ బజారులో ఏ పండు తెచ్చినా వాసన చూసి పక్కన పెట్టేసేది. మేం ఆ నేల కొన్నామని తెలిసి, పుట్టింటికి వెళ్లినప్పుడు వాళ్ల పెరటి చెట్టు నుంచి మా తాత కట్టించిన అంటు ఒకటి తెచ్చుకుంది. రైల్లో దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వచ్చింది, తమ్ముణ్ణి మాత్రం కింద కూర్చోబెట్టింది. ఈ సంగతి వాడు ఇప్పటికీ మరిచిపోలేదు.

నాటిన మరుసటి వేసవిలో ఎవరిదో మేక వచ్చి దాన్ని కొరికేసింది. జానెడు మోడు మిగిలింది. అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వానలు పడ్డాక, అనుకోకుండా, ఆ మోడుకు బాగా కింద, నేల దగ్గర, ఎర్రటి చిగురు వచ్చింది. నాన్న ఆనందం చెప్పలేను. చచ్చిన మొక్క లేచిందని క్వార్టర్సంతా చెప్పుకున్నాడు.

ఆ ఏడు నవంబరులోనే వచ్చింది కోతపండుగ. తెలియనివారి కోసం చెబుతున్నాను: పంట చేతికొచ్చే రోజుల్లో మా చర్చిలో ప్రతి ఇంటివాళ్లూ తమ మొదటి ఫలాలు తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపెట్టలు, చేతకానివాళ్లయితే బజారులో కొన్న కొబ్బరికాయ. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాడు డబ్బు కట్టి, ఆ వస్తువును ఇంటికి తీసుకుపోకుండా తిరిగి బల్లకే ఇచ్చేస్తే దాన్ని మళ్లీ వేలం వేస్తారు. అలా ఇవ్వడం గొప్ప. ఒక్క గుమ్మడికాయే చేతులు మారి మారి చర్చి గోడకు సున్నం వేయించిన సందర్భాలున్నాయి.

ఆ రోజు మా బెండకాయలు, గోంగూర బాగా పలికాయి. ఆ ఊపులో నాన్న సభ మధ్యలో లేచి నిలబడి, చచ్చి బతికిన మొక్క గురించి సాక్ష్యం చెప్పి, ఆ మామిడిచెట్టు మొదటి ఫలాలు ఇదే కోతపండుగనాడు ఇదే బల్ల ముందు పెడతాననీ, అంతవరకూ ఇంట్లో ఎవరం నాలుక మీద పెట్టుకోమనీ మొక్కుకున్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. ఆడవాళ్ల చాప మీద నా పక్కన కూర్చున్న అమ్మ మాత్రం అనలేదు.

ఇంటికి వస్తూ అడిగింది. "మామిడి ఏ నెలలో పండుతుందండీ?"

నాన్న నాలుగడుగులు వేశాక ఆగాడు. మొక్క ఒకటే చూసుకున్నాడు, మొక్కు ముందు కాలెండరు చూసుకోలేదు. రైళ్ల వేళలు నోటికి చెప్పే మనిషికి మామిడి వేళ తట్టలేదు.

"మే నెలలోనే తెచ్చెయ్యండి, నేను బల్ల మీద పెట్టి ప్రార్థన చేస్తాను," అన్నారు తర్వాత సంగతి విన్న మా పాస్టరు అయ్యగారు నవ్వుతూ. నాన్న ఒప్పుకోలేదు. అందరి ముందూ కోతపండుగనాడు అన్నాడు కనుక కోతపండుగనాడే. మాట మార్చడం ఆయనకు బండిని తప్పు పట్టాల మీదికి మళ్లించడంతో సమానం.

ఆ తర్వాత మా ఇంట్లో ఏళ్లతరబడి నడిచింది విసుగు పురాణం. అంటు మొక్క మూడు నాలుగేళ్లకే కాస్తుందని అమ్మ లెక్క. ఇది కాయలేదు. ఇంత ఆలస్యమేమిటని అమ్మ, రాతినేల కదా అని నాన్న. చివరికి పూత వచ్చిన ఏడు గాలివాన వచ్చి రాల్చేసింది. మరుసటేడు కాసిన నాలుగు కాయల్నీ నాన్న వరిగడ్డిలో దాచి, నవంబరు దాకా ఉంచుదామనుకున్నాడు. ఇల్లంతా కమ్మటి వాసన. మేం ఆ వాసనతోనే పెరుగన్నం తిన్నాం. జూన్ వెళ్లకముందే అవి కుళ్లిపోయి గడ్డితో సహా పారబోశాం. నాన్న ఎదురుగా ఉండగానే అమ్మ ఆ బుట్టను కడిగింది, అవసరానికి మించి చప్పుడు చేస్తూ. ఆ మరుసటేడు కోతులు వచ్చాయి. కోతపండుగ మాకు, కోతిపండుగ వాటికి. అవ్వ రాళ్లు విసిరి తరిమిందట. తర్వాత చెప్పింది, "సారూ, కోతులన్న తిన్నయి, మీరైతే అది సుత తినకపోతిరి," అని.

అమ్మ ఊరికే ఉండిపోయిందనుకోకండి. అవ్వ మాట విన్న సాయంత్రమే అయ్యగారింటికి వెళ్లి అడిగింది. "అయ్యగారూ, మామిడి తాండ్ర పండు కిందికి వస్తుందా, రాదా?"

"పండేనమ్మా. కాస్త ఎండింది, అంతే."

తర్వాతి వేసవిలో చెట్టు నిండుగా కాసింది. అమ్మ పెరట్లో నులక మంచం మీద కొత్త తాటాకు చాప పరిచి, నెయ్యి రాసి, పళ్ల రసం పిండి, వడగట్టి, పలచగా పోసింది. ఒక పొర ఎండాక ఇంకో పొర. బెల్లం వెయ్యవేమని పక్క క్వార్టరు ఆవిడ అడిగితే, మా ఊరి పండుకు బెల్లమెందుకని గర్వంగా అంది. మోచేతులదాకా రసం. తమ్ముడూ నేనూ కాకులకు కాపలా. నాన్న మాకు కాపలా. వేళ్లు నాకకూడదు. రసం కారుతున్న చేతిని నోటి దాకా తెచ్చి, మొక్కు గుర్తొచ్చి, కుళాయి కింద కడిగేసుకోవడమంటే ఏమిటో మీలో ఎవరికైనా అనుభవముంటే నాకు చెప్పండి, ఇద్దరం కలిసి బాధపడదాం. అమ్మ మాత్రం ఒకటి రెండుసార్లు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఏమిటమ్మా అంటే ఏమీ లేదంది.

తాండ్రను శుభ్రమైన గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టింది. నవంబరు వచ్చింది. బల్ల ముందు గుమ్మడికాయల మధ్య మా తాండ్ర చుట్ట కూర్చుంది. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. మొక్కు తీరింది. ఇక వేలంలో దాన్ని తనే పాడి అమ్మ చేతిలో పెట్టాలని ఆయన ఆలోచన.

కానీ మా చర్చిలో ఒక కాంట్రాక్టరు పెద్దాయన ఉండేవారు. మంచి మనిషే. చర్చికి నాలుగు డబ్బులు ఎక్కువ రావాలని ఎవరేం పాడినా పైకి పాడటం ఆయన సరదా. నాన్న పాడినకొద్దీ ఆయన పెంచారు. నెలాఖరు రోజులు. నాన్న గొంతు తగ్గుతూ వచ్చి, ఒక చోట ఆగిపోయింది. వేలం వేసే పెద్ద ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు.

"దానిమీద ఒక రూపాయి," అంది అమ్మ.

ఆ రోజుల్లో వేలంలో ఆడవాళ్లు నోరు విప్పేవాళ్లు కాదు. మగవాళ్లంతా మెడలు తిప్పి చూశారు. కాంట్రాక్టరుగారు హుషారుగా అయిదు పెంచారు.

"దానిమీద ఒక రూపాయి."

ఆయన మళ్లీ పెంచారు.

"మీరెంతంటే అంత, దానిమీద ఒక రూపాయి. మీరు పాడుతూ ఉండండి అన్నయ్యగారూ, నాకేం తొందర లేదు. ఇన్నేళ్లు ఆగినదాన్ని."

ఎక్కడో ఎవరో నవ్వారు. కాంట్రాక్టరుగారు కూడా నవ్వి, చేతులు జోడించి, "నీదే చెల్లెమ్మా," అన్నారు. వేలం వేసే పెద్ద తాండ్రను అమ్మ చేతికిచ్చి, వెంటనే తిరిగి తీసుకోవడానికి చేతులు చాచాడు. "ఇటివ్వండమ్మా, మళ్లీ పాడదాం. బల్లకు ఆదాయం."

"తిరిగి ఇవ్వడానికి పాడలేదండీ," అంది అమ్మ. అని, ఆ చాప మీదే కూర్చుని, గుడ్డ విప్పి, ఒక మూల తుంచి నోట్లో పెట్టుకుంది.

చర్చిలో కోడిపెట్ట ఒక్కటే చప్పుడు చేస్తోంది. అమ్మ నమిలింది. కళ్లు చిన్నవి చేసుకుంది. ఇంకాసేపు నమిలింది. అవతలి వరసలోంచి నాన్న మెడ చాచి, అక్కడినుంచే, "ఎలా ఉంది?" అన్నాడు.

"పులుపు," అంది అమ్మ. కొంచెం ఆగి, "మా ఊరిది కాదండీ," అంది.

మేక కొరికినప్పుడే అమ్మ అంటు పోయింది. నేల దగ్గర చిగురేసింది కింద ఉన్న నాటు మొక్క. అంటు కట్టిన ముడికి పైన చిగురిస్తే అమ్మది, కింద చిగురిస్తే ఎవరిదో. రసం చేతికి అంటినప్పుడే అమ్మకు వాసన తేడాగా తోచిందట. నాలుక మీద పెట్టుకోకుండా తేల్చుకోలేకపోయింది. మొదటేడే ఒక్క ముక్క తినివుంటే తెలిసిపోయేది, ఇంకో అంటు తెచ్చుకునేది. అప్పటికి తాతా లేడు, ఆ పెరటి చెట్టూ లేదు.

అమ్మ ఏడవలేదు. తాండ్రను ముక్కలు చేసి అందరికీ పంచింది. కాంట్రాక్టరుగారు ఒక కన్ను మూసుకుని తిన్నారు. నాన్న తన ముక్కను చివరిదాకా నమిలి, బాగుందన్నాడు. దారిలో ఆయనే మళ్లీ, "పోనీ, పప్పులోకి పనికొస్తుంది," అన్నాడు. చాలా దూరం నడిచాక అమ్మ, "ఆ చిగురు వచ్చిన రోజు మీ ముఖం చూసి, ఎక్కడ వచ్చిందో వంగి చూడలేదు," అంది.

ఆ చెట్టు తర్వాత ఏళ్ల తరబడి విరగకాసింది. పప్పు, పులిహోర, ఊరగాయ. అమ్మ ఎవరికీ లేదనకుండా ఇచ్చింది, తను మాత్రం ఆ పండు పండుగా ఎప్పుడూ తినలేదు. నాన్న రిటైరయ్యాక సైకిలు తొక్కలేక ఆ నేల అమ్మేశాడు. ఆ మధ్య నేను ఆటోలో వెళ్లి వెతికాను. ఇళ్లూ, గేట్లూ, గేట్ల ముందు కార్లూ. చెట్టు ఏ ఇంటి కింద ఉందో తెలియలేదు. ఆటో అబ్బాయి పరేషాన్ అయిపోయి, "అమ్మా, గా చెట్టుకు ఇంటి నంబరేమన్న ఉన్నదా?" అన్నాడు.

మొన్న కోతపండుగ అయిన సాయంత్రం మా వీధి చివర కొత్తగా తెరిచిన పెద్ద దుకాణానికి వెళ్లాను. చల్లటి అద్దాల వెనుక, పత్తిలో పొదిగి, మామిడిపళ్లు. నవంబరులో. ఏ దేశానివో, పచ్చగా, మచ్చలేకుండా, అన్నీ ఒకే సైజువి. నాన్న ఈ రోజుల్లో మొక్కుకుని ఉంటే ఆరాధన మొదలయ్యేలోపు తీరిపోయేది, అమ్మ అన్నేళ్లు ఆగే పనుండేది కాదు. నేను ఒక పండు తీసుకుని తొడిమ దగ్గర వాసన చూశాను. మళ్లీ చూశాను. ఏ వాసనా లేదు. అక్కడున్న అమ్మాయి, "తియ్యగా ఉంటయ్ ఆంటీ, గ్యారంటీ," అంది. అవునేమో. పండును పత్తిలో మళ్లీ జాగ్రత్తగా పడుకోబెట్టి ఇంటికి వచ్చేశాను.