ఫ్యూజులు నా గుప్పిట్లోనే ఉన్నాయి

ఒట్టు మాత్రం వేయను. మాది చర్చికి వెళ్ళే ఇల్లు, ఒట్లు పెట్టుకోవడం తప్పంటారు. అవునంటే అవును, కాదంటే కాదు. ఇది జరిగింది. అంతే. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

పోయినేడు నేను నెల్లూరులో ఫిషరీస్ డిగ్రీ రెండో సంవత్సరం. కెనడాలో ఒక ఏడాది చదివి రావడానికి మా కాలేజీకి ఒకే ఒక్క సీటు వచ్చింది. ఆఖరి మెట్టు వీడియో ఇంటర్వ్యూ. వాళ్ళకు మధ్యాహ్నం, మనకు రాత్రి పదకొండున్నర. నెల రోజులు అద్దం ముందు నిలబడి ఇంగ్లీషు మాట్లాడాను.

సరిగ్గా ఆ రోజే నాన్నకు జ్వరం. మైపాడు దగ్గర మాకు రొయ్యల గుంట ఉంది. రాత్రి కాపలా లేకపోతే కుదరదు. మా కాపలా మనిషి మస్తాన్ తాత ఉన్నన్నాళ్ళు ఆ బాధే లేదు. పన్నెండేళ్ళు ఆ గట్టు మీది షెడ్డులోనే కాపలా పడుకున్నాడు. అంతకుముందు వేసవిలో అక్కడే నిద్రలో పోయాడు.

"నాన్నా, ఈ రాత్రి నాకు ఇంటర్వ్యూ ఉండాది," అన్నాను.

"గుంట కాడ సిగ్నల్ బాగుంటాది గదమే. ఆడనే మాట్లాడుకో," అని అటు తిరిగి పడుకున్నాడు.

మాట్లాడుకోవడమట! నా చదువంటే ఆయనకు అంతే.

గుంటలో నాలుగు ఏరేటర్లు. వాటి రెక్కల చక్రాలు రాత్రంతా నీళ్ళు చిమ్ముతూ తిరగాలి. ఆగితే నీళ్ళలో గాలి చాలక రొయ్యలు చచ్చి తేలిపోతాయి. ఆ మోతలో పక్క మనిషి మాట కూడా వినపడదు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి ఇంకా పది రోజులే. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే చేశాను. పదకొండుంపావుకు స్విచ్చులు కట్టేశాను. చక్రాలు ఆగాయని పక్క గుంటవాళ్ళు ఎవరైనా వచ్చి మళ్ళీ వేస్తారేమోనని నాలుగింటికీ కరెంటు ఇచ్చే మెయిన్ బోర్డులోని మూడు ఫ్యూజులూ పీకేశాను. ఒక్క అరగంట... అంతే కదా అనుకున్నాను.

నిశ్శబ్దం. సముద్రం అంత దగ్గరగా వినపడటం అదే మొదటిసారి.

షెడ్డు బయట మంచం మీద కూర్చున్నాను. ఫోన్‌లో తెల్లజుట్టు ఆవిడ, నవ్వుమొహం. మొదటి ప్రశ్నకు బాగా చెప్పాను. మా దేశానికే ఎందుకు రావాలనుకుంటున్నావు, అని అడిగింది. నోరు తెరిచాను.

టక్.

షెడ్డు లోపల... స్టార్టర్ బటన్ నొక్కిన చప్పుడు. చిన్నప్పటి నుంచి వింటున్న చప్పుడు. గుంట ఆ చివర, చీకట్లో... ఛప్... ఛప్... ఛప్ ఛప్ ఛప్.

వెనకాల ఏమిటా శబ్దం, అంది ఆవిడ. ఒక్క నిమిషం మేడమ్, అని ఫోన్ అక్కడే ఉంచి లేచాను. ఫ్యూజులు మంచం మీదే ఉన్నాయి. మూడూ గుప్పిట్లో పట్టుకుని, టార్చి వేసి లోపలికి వెళ్ళాను.

ఎవరూ లేరు. బోర్డులో ఫ్యూజులు ఉండాల్సిన చోట మూడు ఖాళీలు.

మస్తాన్ తాత ఎప్పుడూ నాలుగూ ఒకేసారి వేసేవాడు కాదు. ఆ చివరది వేసి, అది బాగా వేగం అందుకునేదాకా ఆగి, అప్పుడు రెండోది. నేను చూస్తుండగానే... రెండో స్టార్టర్ పెట్టె మీది పచ్చ బటన్... మెల్లగా... లోపలికి పోయింది. దాని మీద ఎవరి వేలూ లేదు.

టక్.

భయం వేసిందా? వేసింది. ఆ వెనకే కోపం ముంచుకొచ్చింది. "ఎవురయ్యా నువ్వు? నెల రోజుల కష్టం నాది! ఇంకొక పావుగంట ఓర్చుకోలేవా?" ఖాళీ షెడ్డులో గొంతు చించుకుని అరిచాను.

మూడోది. టక్.

ఎర్ర బటన్లు నొక్కాను. పిడికిలితో గుద్దాను. ఒక్కటీ ఆగలేదు.

తర్వాత... ఏమీ లేదు. చాలాసేపు. నా మాట విన్నట్టే ఉంది. నాలుగో బటన్ మీదే టార్చి పెట్టి నిలబడ్డాను.

టక్.

బయటికి పరుగెత్తాను. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉంది. అరిచి అరిచి చెప్పాను. తల అడ్డంగా ఊపింది. ఏదో అంది, నాకూ వినపడలేదు. ఫోన్ తెర నల్లబడింది.

తెల్లారి నాన్న జ్వరంతోనే వచ్చాడు. చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. అంతా చెప్పి గుప్పిట తెరిచి చూపించాను. కొడతాడనుకున్నాను. ఆయన నీళ్ళలోంచి మేత పళ్ళెం లేపి చూశాడు. రొయ్యలు ఎగిరి పడుతున్నాయి.

"రాత్రి మబ్బు పట్టి నీళ్ళలో గాలి తగ్గింది మే. అరగంట ఆగింటే ఒక్కటి మిగలదు. మస్తానయ్యే కాపాడినాడు," అని షెడ్డుకు చేతులు జోడించాడు. దయ్యాలు లేవు గియ్యాలు లేవు అని అందరికీ చెప్పే మనిషి! ఇంటర్వ్యూ ఏమైందని ఆ రోజు అడగలేదు. ఇవాళ్టికీ అడగలేదు.

నాన్న ఫ్యూజులు తిరిగి పెట్టేశాక కరెంటు పని చేసే ఆయన వచ్చి చూసి, "ఫ్యూజులు పీకినాక యాడ తిరుగుతాయి మే? నిద్రలో కలగనుంటావు," అన్నాడు. కలైతే మరి, వారం తర్వాత వచ్చిన మెయిల్? యంత్రాల శబ్దం వల్ల మీ ఇంటర్వ్యూ పూర్తి కాలేదు, చింతిస్తున్నాం అని రాశారు. నా కల కెనడాలో ఆవిడకు వినపడిందా?

ఆ సీటు మా కాలేజీలోనే చదివే కావలి ఊరి అమ్మాయికి వచ్చింది. మంచులో నిలబడి ఫొటోలు పెడుతోంది. పళ్ళు నూరుకుంటూ లైకులు కొడుతున్నాను.

తాతేనా? చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ గట్టంతా తిప్పిన మనిషి. రొయ్యల ప్రాణం మీదికొచ్చిందని తెలిసిన మనిషికి నా సంగతి తెలియలేదా? తాత కాకపోతే ఇంకెవరు? ఎన్నిసార్లు ఆలోచించినా తేలడం లేదు.

ఈ ఏడు మళ్ళీ అప్లికేషన్ పెట్టాను. ఇంటర్వ్యూ రాత్రి నన్ను మళ్ళీ ఆ గట్టు మీదే కూర్చోబెడితే, మళ్ళీ ఫ్యూజులు పీకుతాను. చక్రాలు ఆగుతాయన్న నమ్మకం మాత్రం నాకు లేదు.