నల్లరాయి ఎక్కడ పోశారంటే

మా మేనమామ లరూసీ ఇరవై ఎనిమిదేళ్లు ఫాస్ఫేటు గనిలో రాళ్లు ఏరాడు. బెల్టు మీద వచ్చే రాళ్లలోంచి పనికిరానిది తీసి పారబోసే గుట్టకు పంపడం ఆయన పని. గఫ్సా పట్నం పక్క మా ఊళ్లో దాన్ని 'చచ్చిన రాయి' అంటారు. లరూసీ చెయ్యి తప్పదని ఊరంతా అనేది. పాతతరం చేతుల గురించి చెప్పే గొప్పలు నాకు పడవు. అయినా సాయంత్రం షిఫ్టు దిగి, కనుబొమల నిండా దుమ్ముతో మా వాకిట్లో కుంపటి చుట్టూ చేరి టీ మరిగించుకునే ఆ మనుషులు గుర్తొస్తే నేనూ మెత్తబడతాను. మామ నా ముందు రెండు రాళ్లు పెట్టేవాడు. "పసుపుది బతికింది, నల్లది చచ్చింది. దీనికి చదువెందుకే?"

గని మూతపడి చాలా ఏళ్లయింది. పోయిన వసంతంలో ఉల్ఫా అనే ఇంజనీరు బోరు మిషనుతో వచ్చింది. పాత గుట్టల్లోంచి ఫాస్ఫేటు కడిగి తీసే పద్ధతి వచ్చిందట. పన్నెండు చోట్ల తవ్వితే పన్నెండూ దండగ. వారంలో సరైన చోటు దొరక్కపోతే మిషను వేరే ఊరికి పోతుంది, దానితో పనులూ పోతాయి.

ఆమె మా ఇంటికొచ్చింది. "బాబాయ్, నల్లరాయి ఎటు పోశారో మీకే తెలుసట."

"చచ్చినదాంతో నీకేం పని తల్లీ? శ్మశానం అటుంది, పో."

"ఫాస్ఫేటు దాంట్లోనూ ఉంది. పసుపుదానికంటే ఒక పిసరు తక్కువ, అంతే."

మామ గ్లాసు కింద పెట్టాడు. "అంటే నేను బతికున్నదాన్ని పాతేశానంటావు."

పక్కింటి బషీర్ పకపకా నవ్వాడు. "ఎన్ని టన్నులు పాతావురా, కసాయీ!"

మామ లేచి లోపలికెళ్లి పడుకున్నాడు. రెండు రోజులు గడప దాటలేదు. మా అత్త జాజియా గుమ్మంలోంచే దులిపేసింది: "బిగుసుకుని పడుకో. మిషను పోతే నీ మాట నిలుస్తుంది, ఊరు ఆరిపోతుంది."

మూడో రోజు పొద్దున్నే బూట్లు తొడుక్కుని నన్ను పిలిచాడు. ఉల్ఫాను కూడా తీసుకుని గుట్ట ఎక్కాం. నాకంతా ఒకటే బూడిదరంగు. ఆయన కర్రతో చూపిస్తూ నడిచాడు. "ఇక్కడ ఒట్టి మట్టి, వరదొచ్చిన ఏడాది. ఇక్కడ సున్నపురాయి. రాయి మోసుకొచ్చే రైలు పట్టా ఇక్కడ తిరిగేది, మీ అమ్మ పెళ్లి నాడు కూడా ఇక్కడే పోశాం. నల్లదంతా ఈ మలుపు కిందే."

వంగి రెండు నల్లరాళ్లు తీసి కొట్టి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాలిన కొమ్ము వాసన. మంచి ఫాస్ఫేటుకు ఆ వాసనే ఉంటుందని గనిలో పిల్లికి కూడా తెలుసు.

"అప్పుడూ ఇదే వాసన," అన్నాడు. "ఒకసారి ఫోర్‌మన్‌తో అన్నాను. 'నీకు జీతం కళ్లకు, ముక్కుకు కాదు' అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత మళ్లీ వాసన చూడలేదు."

మలుపు కింద బోరు వేశారు. నల్లగా వచ్చింది, ఇరవై మీటర్ల దాకా నలుపే.

ఉల్ఫా పటం మీద గుర్తు పెట్టుకుంటూ అడిగింది: "ఎవరు చూపించారని రాయను బాబాయ్?"

"పారబోసినవాడే చూపించాడని రాయి," అన్నాడు మామ. "పూర్తి పేరుతో."