సూదితూనీగ నడుము

1982. అమలాపురంలో ఒక కాలేజీలో నేను జువాలజీ లెక్చరర్ని. చెప్పిన మాట నమ్మే రకాన్ని కాను. కొబ్బరికాయ కొన్నా చెవి దగ్గర ఆడించి చూస్తేగానీ సంచిలో వేయను.

మా సహోద్యోగి శామ్యూల్ గారిది రాజోలు వైపు. ఆయన పిన్నిగారు బ్రెజిల్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో సిస్టర్. సెలవుకు వస్తూ అక్కడి సూదితూనీగలను కాగితపు పొట్లాల్లో తెచ్చిచ్చారు. ఇవి తూనీగలకు దగ్గరి చుట్టాలు. సన్నగా ఉంటాయి, వాలితే చాలామటుకు రెక్కలు ముడుచుకుంటాయి. పొట్లాలు ల్యాబ్ బీరువాలోనే ఉండేవి.

ప్రాక్టికల్ పరీక్షలయ్యాక ఒకరోజు శామ్యూల్ గారు వాటిలో ఒకదాన్ని నా బల్ల మీద పెట్టారు.

"ఇది ఇంతవరకూ ఎవరికీ తెలియని జాతండి మాస్టారూ. పేపరు రాసేసేను. మీరోసారి చూసి సరేనంటే పంపేస్తానండి."

రెక్కల్లోని ఈనెల అల్లిక, అంటే వెనేషన్, చూస్తే ఇది ఏ కుటుంబానిదో తెలుస్తుంది. జాతి తేలేది మాత్రం మగదాని తోక చివర, ఆడదాన్ని పట్టుకునే కొక్కేల దగ్గర. వాటినే అపెండేజెస్ అంటాం. దీని రెక్కలు నిక్షేపంగా దక్షిణ అమెరికావే. తోక మాత్రం అక్కడి జాతుల్లో దేనికీ సరిపోలేదు. పైగా ఆ కొక్కేలు నేనెక్కడో చూసినవే! ఒళ్లు మండింది. డాక్టరేటు కోసం ఈయనే ఏదో చేశాడనుకున్నాను.

"ఇలాంటిది ఇంకోటుందాండి?"

"లేదండి. ఇదొక్కటే."

"నాకు అనుమానంగా ఉందండి."

"పురుగు మీదా, నా మీదా?"

"రెంటి మీదానండి."

ఆయన ముఖం మాడిపోయింది. అతుకేదైనా ఉంటే ఊడుతుందని, గోరువెచ్చటి నీళ్లు తెచ్చి నా ముందు పెట్టారు. నడుము దగ్గర ఒక చుక్క వేశాను. కాసేపటికి తోక ఊడి పడింది. అతుకు దగ్గర తుమ్మజిగురు.

బల్లలు తుడుస్తున్న అటెండర్ సత్తిరాజు దగ్గరికొచ్చాడు.

"ఆయ్, అది నేనే అతికించేనండి. పరీక్షలకి బీరువా సర్దుతుంటే రెండిటికి తోకలూడిపోయేయండి. విరిగినవి కనబడితే ఎగ్జామినర్ గారు కేకలేస్తారు కదండీ."

"రెండోదేదయ్యా?"

పరీక్షలో పిల్లలు గుర్తుపట్టడానికి పెట్టే స్పాటర్ల పెట్టె తెచ్చాడు. అందులో మన కాలవగట్టు సూదితూనీగకి బ్రెజిల్ తోక! దాన్ని చూసే పిల్లలు పేరు రాశారు, ఎగ్జామినర్ మార్కులూ వేశాడు.

తోకలు మార్చి చూస్తే జాతి ఇట్టే తేలిపోయింది. ఎప్పుడో ఎవరో పేరు పెట్టేసిందే. శామ్యూల్ గారు ఆ పాత పేరు చీటీ మీద రాసి గుండుసూదితో దాని పొట్లానికి గుచ్చారు.

"దీనికి మా అమ్మ పేరు పెట్టేనండి, కరుణ అని. కోతలకెళ్లి చదివించింది కదండీ నన్ను. మొన్న ఆదివారం చర్చిలో అందరికీ చెప్పుకుంది. ఇప్పుడేం చెప్పనండి?"

చాలా బాధేసింది.

ఆ తర్వాత కొత్త జాతంటూ ఎవరు ఏ పురుగు తెచ్చినా, ముందు దాని నడుము మీద నీళ్లచుక్క వేసేవాణ్ని. మనిషి ముఖంలోకి చూడటం ఆ తర్వాతే. అనుమానం నాకు పోలేదు. దాని వరస మాత్రం మారింది.