మార్చి చెప్పిన మాట

ఇరవై ఏడేళ్ళుగా ఒక మనిషి మాటను నాలోనే అట్టిపెట్టుకున్నాను. ఆ మాట మా తాతది. ఎవరికి చేర్చమని నాకప్పగించాడో ఆయనకు చేర్చలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. మిగిలింది నేను. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలేమో. తెలిసినవాళ్ళకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పి ఉండేదాన్ని.

మాది పామిడి దగ్గర ఒక ఊరు. అప్పట్లో నేను బడిలో ఇంగ్లీషు టీచర్ని. తాత రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ దాకా వెళ్ళొచ్చినవాడు. మందుపాతరలు వెతికి తీసే పని ఆయనది. తిరిగొచ్చాక వేరుశనగ పండించుకుంటూ బతికాడు. సొంత చేలో నడిచేటప్పుడు కూడా ముందు నేలను కర్రతో పొడిచి చూసి అడుగేసేవాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. యుద్ధం ఎట్లా ఉండేదని ఎవరైనా అడిగితే "శానా సలి" అనేవాడు. అంతకుమించి ఒక్క మాట వచ్చేది కాదు.

ఆయన ట్రంకు పెట్టెలో ఒక జర్మన్ సిపాయి చిన్న పుస్తకం ఉండేది. అందులో పేరు, అతని డివిజన్ నంబరు, ఒక ఫొటో. ఫొటోలో ఒక ఆడమనిషి, ఒళ్ళో పసిబిడ్డ. నేను తాతకు చెప్పకుండా ఆ పేరూ నంబరూ రాసి ఢిల్లీలో ఉన్న జర్మన్ ఎంబసీకి ఉత్తరం పంపాను. ఎందుకు పంపాను? మా ఇంట్లో ఇటువంటిది ఒకటి ఉందని పదిమందికీ తెలియాలని. వేరే కారణం వెతుక్కోను.

ఏడాది తర్వాత జవాబొచ్చింది. రాసింది ఫొటోలోని పసిబిడ్డే. పేరు కార్ల్. యాభై దాటిన మనిషి, చరిత్ర పాఠాలు చెప్పే టీచరు. తన తండ్రి పనిచేసిన ఆ పదాతి డివిజన్ చరిత్రను పుస్తకంగా రాస్తున్నాడు. మొదట ఫ్రాన్సు, తర్వాత రష్యా. స్టాలిన్‌గ్రాడ్ నుంచి దాదాపు ఎవరూ తిరిగి రాలేదట. పేరూ నంబరూ అలాగే ఉంచి కొత్తవాళ్ళతో నింపి ఇటలీకి పంపారట. ఆ కొత్తవాళ్ళలో ఆయన తండ్రి ఒకడు. అక్కడే జాడ తెలియకుండా పోయాడు. కార్ల్ పదేళ్ళుగా ఆ డివిజన్‌లో బతికి బయటపడ్డ ముసలివాళ్ళ ఇళ్ళు తిరుగుతున్నాడు. మంచు గురించి, గుర్రాల గురించి, ఆకలి గురించి చెబుతారు గానీ వెనక్కి తగ్గేటప్పుడు దారిలో ఉన్న పల్లెల్లో ఏం చేశారో ఒక్కరూ చెప్పరని రాశాడు. "అందరూ నాకు మంచి మాటలే చెబుతారు. చెడ్డదైనా సరే, నాకు నిజం కావాలి." ఆ వాక్యం కింద గీత గీశాడు. నేను చదివాను. బాగా గుర్తుంది.

ఎండాకాలంలో కార్ల్ మా ఊరికి వచ్చాడు. వచ్చేది ఎవరి కొడుకో తాతకు ముందే చెప్పాను. మా హెడ్మాస్టరు వచ్చాడు, సర్పంచి వచ్చాడు, పత్రికాయన కెమెరాతో వచ్చాడు. పాత శత్రువులు కలుసుకున్నారని ఫొటో తీశారు. ఓళిగలు తిన్నారు. తాత ఏమీ తినలేదు. కార్ల్ తప్ప అందరూ వెళ్ళేదాకా కడప బండ మీద కదలకుండా కూర్చుని, వెళ్ళాక ఆ ఫొటో చేతిలో పట్టుకుని నన్ను పిలిచాడు.

"తలుపు దగ్గరికెయ్యి పాపా. నేను చెప్పేది ఈయప్పకు ఒక్క ముక్క ఇడిసిపెట్టకుండా చెప్పాల."

"చెప్తా తాతా."

"వాళ్ళ నాయనను సంపింది నేనే."

"యుద్ధంలో ఎవరైనా..." అని నేను అనబోయాను.

"యుద్ధం గిద్ధం అనొద్దు. విను. ముందు దినం మన హుసేనప్ప పాతర మీద కాలేసి పోయినాడు. రాప్తాడోడు. నాతో పాటు చేరినోడు. ఆ దోవ బాగుండాది, పోవచ్చని చెప్పింది నేనే. తెల్లారినాక ఒక కొట్టంలోంచి ఈయప్ప నాయన బయటికొచ్చినాడు. తుపాకి పారేసినాడు. రెండు చేతులూ పైకెత్తినాడు. ఒక చేతిలో ఈ ఫొటో పట్టుకోనుండాడు. నాకు చూపిస్తాండాడు. చూసినా. బిడ్డను గూడా చూసినా. చూసే కాల్చినా."

ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు. యాభై ఏళ్ళు ఆ మాటలను లోపల పేర్చుకుని ఉంటాడు. కార్ల్ నా ముఖం వైపు చూస్తూ, "ఏమంటున్నారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. మళ్ళీ పెట్టుకున్నాను. అంతసేపే పట్టింది.

"మీ నాన్నగారు గాయాలతో దొరికారట. మా తాత నీళ్ళు తాగించాడట. మీ ఫొటో చూస్తూనే కన్నుమూశారట. ఎక్కువ బాధపడలేదట."

కార్ల్ కుర్చీలోంచి దిగి నేల మీద మోకాళ్ళూని తాత రెండు చేతులూ పట్టుకున్నాడు. వాటికి నుదురు ఆనించి ఏడ్చాడు. అంత పెద్ద మగమనిషి అట్లా ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. తాత బిగుసుకుపోయాడు. నా వైపు తిరిగాడు.

"సెప్పినావా?"

"చెప్పినా."

"చేతులెత్తినాడని గూడా సెప్పినావా?"

"చెప్పినా తాతా."

"అయినా నా చేతులు పట్టుకున్యాడే..." అని తాత కూడా ఏడ్చాడు.

వాళ్ళిద్దరినీ అట్లా చూస్తూ నిలబడ్డాను. ఒకరు జరగని దానికి కృతజ్ఞతతో ఏడుస్తున్నారు. ఒకరు దొరకని క్షమకు ఏడుస్తున్నారు. మధ్యలో రెండు భాషలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అప్పటికైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు.

ఎందుకు? చాలా ఏళ్ళు తాత కోసమే అనుకున్నాను. ఆ వయసులో ఆయనను దోషిగా నిలబెట్టలేకపోయానని. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది తాత కాదు, మర్నాటి పత్రికలో రాబోయే ఫొటో. సర్పంచి ముందు, హెడ్మాస్టరు ముందు తలెత్తుకు తిరుగుతున్న నా ముఖం. ఒక హంతకుడి మనవరాలిని కాకూడదనుకున్నాను. కార్ల్ మాత్రం తన తండ్రి హంతకుడేమోనన్న భయంతోనే ఊరూరా తిరిగాడు, తెలిస్తే రాయడానికి సిద్ధపడే తిరిగాడు. ఆ ధైర్యంలో పావు వంతైనా నాకెందుకు లేకపోయింది?

చిన్నప్పుడు ఒకసారి కట్టెను తుపాకిలా పట్టుకుని "చేతులు పైకెత్తు" అని తాతతో ఆడబోయాను. చెంప మీద కొట్టాడు. జీవితంలో ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. ఎందుకు కొట్టాడో ఆ మధ్యాహ్నమే నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా అబద్ధమే చెప్పాను.

ఆ తర్వాత తాత మారిపోయాడు. సంగటి ఇంకో ముద్ద అడిగి తినేవాడు. మధ్యాహ్నాలు అరుగు మీద హాయిగా నిద్రపోయేవాడు. ఆ ఏడాదే వేరుశనగ పీకిన తర్వాత మంచం పట్టాడు. చివరి రోజుల్లో ఒకనాడు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ల్యాకపోతే నా మాట ఆయప్పకు యాడ అర్థమయ్యుండు పాపా" అన్నాడు. నేను తల నిమిరాను. ఇంకేం చేయగలను? అప్పుడు చెప్పి ఉండాల్సిందా? చెబితే ఆ కాస్త నిద్రా పోయేది. చెప్పకపోతే ఆయన మోసపోయి పోతాడు. మోసపోయే పోయాడు.

రెండేళ్ళకు కార్ల్ పుస్తకం వచ్చింది. ఆ డివిజన్ చరిత్ర. బెంగళూరులో జర్మన్ తెలిసిన స్నేహితురాలితో చదివించుకున్నాను. ఇటలీలో ఒక పల్లెలో ఆ డివిజన్ సిపాయిలు రైతులను గోడకు నిలబెట్టి కాల్చిన సంగతి ఒక అధ్యాయమంతా ఉంది. ఆ రోజు తన తండ్రి కంపెనీ కూడా అక్కడే ఉందని, తన తండ్రి చేతిలో తుపాకి లేదని తాను చెప్పలేనని రాశాడు. పాత సిపాయిలు ఆయనతో మాట్లాడటం మానేశారట. అంత నిజం మధ్యలో ఒక పేజీ మా తాతది. అనంతపురం మెట్ట రైతు ఒకడు శత్రువు నోట్లో పోసిన నీళ్ళ గురించి. పుస్తకమంతటిలో అబద్ధమని నాకు తెలిసింది ఆ పేజీ ఒక్కటే. అది నాది.

ఏటా ఆయన నుంచి ఉత్తరం వచ్చేది. ఏటా జవాబు రాసేదాన్ని. వానల గురించి, బడి గురించి.

ఈ ఏడాది ఆయన కూతురు రాసింది. నాన్న పోయారని, సమాధి దగ్గర ఆ పేజీ చదివామని, మీ తాతగారి దయ వల్లే నాన్న చివరి ఏళ్ళు నెమ్మదిగా గడిచాయని.

పోయిన వారం ఆమెకు జాబు రాశాను. తాత చెప్పిందంతా ఆయన చెప్పిన వరసలోనే, హుసేనప్ప దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్క ముక్క వదలకుండా. పామిడి పోస్టాఫీసులో వేసి వచ్చాను. జవాబు రాదేమో. వస్తే ఏముంటుందో తెలియదు. నన్ను క్షమించమని అడగలేదు. క్షమించాల్సినవాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. పోయినవాణ్ణి ఇప్పుడు వీధిలో నిలబెట్టావే అని ఒక మనసు తిడుతుంది. ఆయన కోరింది ఇదే కదా అని ఇంకో మనసంటుంది. ఏది సరో నేను తేల్చలేను.

మా తాత చేతులెత్తిన మనిషిని కాల్చాడు. ఆ సంగతి చెప్పమని నన్నడిగాడు. నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.